రొమ్ము గడ్డ కణాలకు రంగు వేసి రోగం గుర్తించడం ఎలా: స్లైడు దగ్గర నుంచి హెర్ 2 దాకా

ఒకే గడ్డ, ఒకే సూది, రెండు స్లైడ్లు. ఒకదాన్ని గాలికి ఆరనిచ్చాం, రెండోదాన్ని వెంటనే ఆల్కహాల్‌లో ముంచాం. రంగులు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఆ రెండూ ఒకే మనిషివంటే కొత్తగా చేరినవాళ్లు నమ్మరు. ఆరిన స్లైడులో కణాలు బల్లపరుపుగా పరుచుకుని పెద్దవిగా, ఊదారంగులో ఉంటాయి. ఆల్కహాల్‌లో మునిగిన స్లైడులో అవే కణాలు ముడుచుకుని చిన్నవిగా ఉంటాయి, కానీ కేంద్రకం లోపల ఉన్న క్రోమాటిన్ (జన్యు పదార్థం) నలుసులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. మనకు కావలసింది అదే. ఒక్కో రంగు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. జీంసాను (ఆరిన స్లైడుకు వేసే రంగు) అడగాల్సింది జీంసాను అడగాలి, పాప్‌ను (ఆల్కహాల్ స్లైడుకు వేసే రంగు) అడగాల్సింది పాప్‌ను అడగాలి, ఈ రెండూ చెప్పలేనిది ఇమ్యునో స్టెయిన్‌ను (కణంలోని ప్రోటీన్లను చూపించే రంగు) అడగాలి. ల్యాబ్‌లో పని నేర్చుకుంటున్న టెక్నీషియన్లను, రిపోర్టులు రాయడం మొదలుపెట్టిన పెథాలజీ విద్యార్థులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. గడ్డతో పరీక్షకు వెళ్లినవాళ్లు చదివినా తమ స్లైడుకు ఏం జరుగుతుందో తెలుస్తుంది. అయితే ఇది చదివి ఎవరూ సొంతంగా రోగ నిర్ధారణ చేసుకోకూడదు.

మొదలుపెట్టే ముందు: రంగు పరీక్ష హద్దులు

రొమ్ము గడ్డను మూడు వైపుల నుంచి చూస్తారు. డాక్టరు చేత్తో తడిమి చూసేది ఒకటి, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్ రెండోది, కణాల పరీక్ష మూడోది. దీన్నే ట్రిపుల్ టెస్ట్ అంటారు. మూడూ ఒకే మాట చెబితే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. ఒకటి ఎదురు చెబితే మిగతా రెండింటినీ పక్కనపెట్టి ఆ ఒక్కదాని సంగతి తేల్చాలి. స్కాన్‌లో గడ్డ అంచులు ముళ్లలా ఉన్నాయని రాసి ఉండి, మీ స్లైడులో నాలుగు మామూలు కణాలు మాత్రమే దొరికితే, అది మామూలు గడ్డ అని అర్థం కాదు. సూది గడ్డలోకి వెళ్లలేదనే ముందుగా అనుమానించాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. సూదితో లాగిన కణాల్లో క్యాన్సర్ కనిపించినా, అది పాలనాళం లోపలే ఉందా, గోడ దాటి బయటికి పాకిందా అన్నది స్మియర్ (స్లైడు మీద పలుచగా పూసిన కణాలు) చూసి చెప్పలేం. చుట్టూ ఉన్న కండ, గోడ ఏవీ స్మియర్‌లో యథాస్థానంలో ఉండవు కదా. దానికి కోర్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క తీసి చూడటం) కావాలి. ఈ సంగతి రిపోర్టు రాసేవాళ్ల మనసులో ఎప్పుడూ ఉండాలి.

మొదటి అడుగు: సూది బయటికి వచ్చిన మొదటి నిమిషం

చాలా స్లైడ్లు రంగు తొట్టి దాకా రాకముందే పాడవుతాయి. నా అనుభవంలో రంగు వేసేటప్పుడు జరిగే పొరపాట్ల కంటే ఇక్కడ జరిగేవే ఎక్కువ. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

సూది 22 నుంచి 25 గేజ్ మధ్య ఉంటే చాలు. లావు సూదితో కణాలు ఎక్కువ వస్తాయనుకుంటారు గానీ, వచ్చేది ఎక్కువగా రక్తమే. గడ్డలో సూది ఉండగా లాగే ఒత్తిడిని బయటికి తీసే ముందే వదిలేయాలి. వదలకుండా తీస్తే కణాలు సిరంజి గొట్టంలోకి ఎగిరిపోతాయి, మళ్లీ దొరకవు.

స్లైడు మీద చిన్న చుక్క వేసి, రెండో స్లైడును దాని మీద ఆనించి తేలిగ్గా జరపండి. నొక్కవద్దు. నొక్కితే కేంద్రకాలు చితికి దారాల్లా సాగుతాయి, లింఫోసైట్లయితే మరీను. ఆ ఊదారంగు దారాలను చూసి ఏ నిర్ణయానికీ రాలేం. చుక్క మందంగా ఉంటే పైన ఆరుతుంది, లోపల తడిగా ఉంటుంది, ఏ రంగూ సరిగా పట్టదు.

ఇప్పుడు స్లైడ్లను రెండు దారుల్లోకి విడదీయాలి.

ఆల్కహాల్ దారి: స్మియర్ చేసిన వెంటనే 95 శాతం ఇథైల్ ఆల్కహాల్‌లో నిలువుగా ముంచాలి. వెంటనే అంటే నిజంగా వెంటనే. స్లైడు మీద పేరు రాసి ముంచుదామనుకునేలోపే పలుచటి స్మియర్ ఆరిపోతుంది. పేరు, నంబరు ముందే పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. కనీసం 15 నిమిషాలు అందులో ఉండాలి. ఇవి పాప్ స్టెయిన్‌కు, లేదా హెమటాక్సిలిన్ ఇయోసిన్‌కు.

గాలి దారి: స్లైడును గాలిలో ఊపి, లేదా చల్లగాలి వచ్చే డ్రయ్యర్ పెట్టి త్వరగా ఆరబెట్టాలి. మెల్లగా ఆరితే కణాలు ఉబ్బి ఆకారం పోతుంది. ఇవి జీంసా రకం రంగులకు.

సగం ఆరిన స్లైడును ఆల్కహాల్‌లో వేయడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. కేంద్రకం ఉబ్బి, క్రోమాటిన్ మసకబారి, సైటోప్లాజం గులాబీ రంగుకు తిరుగుతుంది. నేను కొత్తగా చేరినప్పుడు అలాంటి ఒక స్లైడు చూసి కేంద్రకాలు పెద్దవిగా ఉన్నాయని అనుమానంగా రాసుకున్నాను. పక్కనున్న జీంసా స్లైడు తీసి చూపించి, ఇవి ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కణాలే, ఆరిపోయి ఉబ్బాయి, అని మా సీనియర్ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఒక మనిషికి క్యాన్సర్ అనుమానం తగిలించబోయాను. అప్పటి నుంచి పాప్ స్లైడు చూడగానే ముందు వెతికేది ఆరిన గుర్తుల కోసమే.

మూడు పోట్లు పొడిస్తే కనీసం ఒక పోటులో కొంత ద్రవాన్ని సెల్ బ్లాక్ (కణాలను మైనంలో దిమ్మగా చేసి కోసేది) కోసం ఫార్మలిన్ సీసాలో కడిగి ఉంచండి. ముందుముందు చికిత్స నిర్ణయించే ఈఆర్, హెర్ 2 ప్రోటీన్ల పరీక్షలు కావాల్సి వస్తే అదే ఆధారం. అయితే ఆ సీసాను ఆరుతున్న స్లైడ్ల పక్కన తెరిచి పెట్టకూడదు. ఫార్మలిన్ ఆవిరి తగిలిన స్లైడుకు జీంసా సరిగా పట్టదు, అంతా నీలం పచ్చగా మారుతుంది.

రెండో అడుగు: జీంసా వేయడం

ఆరిన స్లైడుకు వేసే రంగులన్నీ 1891లో రొమనోవ్‌స్కీ చూపించిన ఉపాయం నుంచి వచ్చినవే. మిథిలీన్ బ్లూ పాతబడి ఆక్సీకరణ చెందితే అజ్యూర్ అనే రంగులు పుడతాయి. అవి ఇయోసిన్‌తో కలిసి కేంద్రకానికి ఊదారంగు ఇస్తాయి. ఆ రెండు రంగుల్లో ఏ ఒక్కటీ విడిగా ఆ ఊదా ఇవ్వలేదు.

మే గ్రూన్‌వాల్డ్ జీంసా వేసే వరుస ఇది. ల్యాబ్‌ను బట్టి సమయాలు కొద్దిగా మారతాయి.

1. బాగా ఆరిన స్లైడును మే గ్రూన్‌వాల్డ్ ద్రావణంలో 5 నిమిషాలు ఉంచాలి. అందులోని మిథనాలే కణాలను ఫిక్స్ చేస్తుంది.
2. బఫర్ నీటిలో ఒకసారి కడగాలి.
3. ఒక వంతు జీంసాకు తొమ్మిది వంతుల బఫర్ కలిపి, అందులో 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. ఈ మిశ్రమం ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.
4. మళ్లీ బఫర్‌తో కడిగి, నిలువుగా పెట్టి ఆరనివ్వాలి.

బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. పీహెచ్ తగ్గితే అంతా ఎర్రబడుతుంది, పెరిగితే అంతా నీలమవుతుంది. రంగు బాగా రాలేదని జీంసా సీసా మార్చేముందు బఫర్ చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

సూది వేస్తున్న చోటే, మనిషి బల్ల మీద ఉండగానే సరిపడా కణాలు వచ్చాయా అని చూడాలంటే త్వరగా పట్టే డిఫ్ క్విక్ రకం రంగు వాడతారు. మిథనాల్, ఎర్ర ద్రావణం, నీలి ద్రావణం, ఒక్కోదాంట్లో కొన్ని ముంపులు, నీళ్లు. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. కణాలు లేవని అప్పుడే తెలిస్తే ఇంకో పోటు వేయవచ్చు. ఆ మనిషిని వారం తర్వాత మళ్లీ రప్పించే బాధ తప్పుతుంది. వీలున్న ప్రతిచోటా ఈ అలవాటు ఉండాలని నేను గట్టిగా అంటాను.

జీంసాను ఏం అడగాలి? కణాల చుట్టూ ఏముందో అడగాలి. ఫైబ్రోఎడినోమాలోని స్ట్రోమా (కణాలకు ఆధారంగా ఉండే కణజాలం) ముక్కలు జీంసాలో ముదురు మెజెంటా రంగులో మెరుస్తాయి, పాప్‌లో అవే పాలిపోయి కంటికి ఆనవు. మ్యూసినస్ క్యాన్సర్‌లో కణాలు తేలే జిగురు కూడా జీంసాలో గులాబీ ఊదా తెరలా కనిపిస్తుంది. సైటోప్లాజంలోని నలుసులు, బుడగలు, కణాల పరిమాణం, ఇవన్నీ జీంసా బాగా చూపిస్తుంది. పరిమాణం కొలవడానికి వేరే స్కేలు అక్కర్లేదు. పక్కనే పడి ఉన్న ఎర్ర రక్తకణం సుమారు 7 మైక్రాన్లు, దానితో పోల్చుకోవచ్చు.

మూడో అడుగు: పాప్ వేయడం

జార్జ్ పాపనికోలా తన రంగు పద్ధతిని 1942లో ప్రచురించాడు. గర్భాశయ ముఖద్వార పరీక్షతో దానికి పేరొచ్చినా, రొమ్ము కణాల కేంద్రకం చదవడానికీ అంతే పనికొస్తుంది. ఇందులో కేంద్రకానికి హెమటాక్సిలిన్, సైటోప్లాజానికి ఆరెంజ్ జి, ఈఏ అనే రెండు రంగులు. హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుంచి తీసేది. ఆక్సీకరణ చెంది, పటికలాంటి లోహ లవణంతో జతకడితేనే కేంద్రకానికి పట్టుకుంటుంది.

1. ఆల్కహాల్‌లో ఫిక్స్ అయిన స్లైడును 80, 70, 50 శాతం ఆల్కహాల్ మీదుగా నీటికి దించాలి. ఒక్కసారిగా నీటిలో వేస్తే కణాలు ఊడిపోవచ్చు.
2. హారిస్ హెమటాక్సిలిన్‌లో సుమారు 3 నుంచి 5 నిమిషాలు.
3. నీటిలో కడిగి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒకటి రెండు ముంపులు. ఎక్కువైన రంగు దిగిపోతుంది.
4. పారే నీటిలో ఉంచితే ఎరుపు ఛాయ పోయి కేంద్రకం నీలంగా తేలుతుంది. దీన్ని బ్లూయింగ్ అంటారు. తొందరపడకూడదు.
5. ఆల్కహాల్ మెట్లు తిరిగి ఎక్కి 95 శాతానికి రావాలి.
6. ఆరెంజ్ జి 6లో ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, ఆల్కహాల్‌లో రెండుసార్లు కడగడం.
7. ఈఏ 50లో రెండు మూడు నిమిషాలు, మళ్లీ ఆల్కహాల్‌లో కడగడం.
8. శుద్ధ ఆల్కహాల్, ఆపైన జైలీన్, తడి ఆరకముందే డీపీఎక్స్ జిగురు వేసి కవర్ స్లిప్ పెట్టడం.

మూడో మెట్టులో ఎంతసేపు ముంచాలో పుస్తకం చెప్పలేదు, కన్ను చెప్పాలి. స్లైడు తీసి తడిగానే తక్కువ లెన్స్ కింద చూడండి. కేంద్రకం గీత గీసినట్టుంటే సరే. సిరా పోసినట్టు నల్లగా ఉంటే ఇంకో ముంపు. సిరా పోసినట్టున్న కేంద్రకాన్ని చదివితే, ప్రతి గడ్డా హైపర్‌క్రోమాటిక్‌గానే (కేంద్రకం మామూలు కంటే ముదురుగా) కనిపిస్తుంది. అంటే రంగు వేసే చేతి తప్పు రోగి రిపోర్టులోకి ఎక్కుతుంది.

రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు హెమటాక్సిలిన్‌ను వడకట్టాలి. పైన తేలే లోహపు మెరుపు తెట్టు స్లైడు మీద పడితే కణాలను కప్పేస్తుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం, ఒక రోగి స్లైడు నుంచి ఊడిన క్యాన్సర్ కణాలు తొట్టిలో తేలి ఇంకో రోగి స్లైడుకు అంటుకోవడం. కణాలు బాగా ఎక్కువున్న స్లైడ్లను చివర్లో వేయండి, రంగులూ ఆల్కహాలూ వడకట్టండి. స్లైడులో ఒకే ఒక్క క్యాన్సర్ గుంపు, అదీ మిగతా కణాల కంటే పై అంతస్తులో ఫోకస్ అవుతుంటే, అది ఈ మనిషిది కాకపోవచ్చు.

పాప్‌ను అడగాల్సింది కేంద్రకం గురించి. దాని అంచు నున్నగా ఉందా, నొక్కులు పడిందా? క్రోమాటిన్ సన్నగా పరుచుకుందా, ముద్దలు కట్టిందా? న్యూక్లియోలస్ (కేంద్రకంలోని చుక్క) ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి? ఒకదాని మీద ఒకటి పడిన గుంపుల్లో కూడా పాప్ లోపలి పొరలను చూపిస్తుంది, జీంసాలో అవి ముదురు ముద్దలా ఉండిపోతాయి.

నాలుగో అడుగు: మైక్రోస్కోప్ కింద చదవడం

ముందు 4 ఎక్స్ లెన్స్‌తో స్లైడంతా తిరగండి. నేరుగా 40 ఎక్స్‌కు దూకితే ఒక్క కణం చూసి భయపడటమో, భరోసా పడటమో జరుగుతుంది. తక్కువ లెన్స్‌లో మూడు సంగతులు తెలుస్తాయి: కణాలు ఎన్ని ఉన్నాయి, అంటిపెట్టుకుని ఉన్నాయా విడిపోయాయా, నేపథ్యంలో ఏముంది.

ఫైబ్రోఎడినోమా బొమ్మ ఒకసారి కళ్లకు కట్టుకుంటే మరిచిపోరు. జింక కొమ్ముల్లా చీలిన చదునైన పొరలు, ఆ పొరల్లో తేనెపట్టు గదుల్లా క్రమంగా అమరిన కేంద్రకాలు, చుట్టూ చల్లినట్టు పడి ఉన్న చిన్న అండాకార కేంద్రకాలు. ఆ చివరివాటికి సైటోప్లాజం ఉండదు, రెండు కొనలూ సన్నగా ఉంటాయి. వీటిని బేర్ బైపోలార్ న్యూక్లియై అంటాం. ఇవి ఎక్కువగా మయోఎపిథీలియల్ కణాలవి. మామూలు పాలనాళంలో లోపలి వరుసకు బయట అంటుకుని ఉండే వరుస ఇది. ఇవి పుష్కలంగా ఉంటే మనసు చాలావరకు నెమ్మదిస్తుంది.

క్యాన్సర్‌లో ఈ బొమ్మ తిరగబడుతుంది. కణాలు ఒకదాన్నొకటి వదిలేసి విడివిడిగా పడి ఉంటాయి, కానీ సైటోప్లాజం చెక్కుచెదరకుండా ఉంటుంది. కేంద్రకం సైటోప్లాజంలో ఒక మూలకు జరుగుతుంది. ఒక్కో కణం ఒక్కో పరిమాణంలో ఉంటుంది. బైపోలార్ కేంద్రకాలు వెతికినా దొరకవు. వీటిలో ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా చాలదు. ఇవన్నీ కలిసి కనిపించాలి, జీంసా, పాప్ రెండూ ఒప్పుకోవాలి.

ఇక మోసపోయే చోట్లు. ఇవి తెలియకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

గర్భిణుల్లో, పాలిచ్చే తల్లుల్లో కణాలు విడిపోతాయి, న్యూక్లియోలస్ పెద్దదవుతుంది. అచ్చం క్యాన్సర్‌లా అనిపిస్తుంది. కానీ సైటోప్లాజం నురగలా చిరిగి, నేపథ్యమంతా పాల బుడగలు ఉంటాయి, కేంద్రకాలన్నీ ఒకే సైజులో ఉంటాయి. పాలిస్తున్నారా, గర్భిణా అన్న ఒక్క ప్రశ్న ఫారంలో లేకపోతే ఈ పొరపాటు జరుగుతుంది. ఆ గడి ఖాళీగా వస్తే ఫోన్ చేసి అడగండి.

లోబ్యులర్ క్యాన్సర్ (రొమ్ములోని పాల తమ్మెల పేరున్న రకం) దీనికి సరిగ్గా వ్యతిరేకం. కణాలు తక్కువ వస్తాయి, చిన్నవిగా, సాధువుల్లా ఉంటాయి. బారులు తీరిన రెండు మూడు కణాలు, సైటోప్లాజంలో చిన్న గుండ్రటి ఖాళీ, దాని మధ్యలో ఒక చుక్క, ఇంతే దొరకవచ్చు. తప్పిపోయే క్యాన్సర్లలో ఇది ముందుంటుంది. గడ్డ గట్టిగా ఉండి కణాలు తక్కువగా ఉంటే ప్రతి చిన్న బారునూ పాప్‌లో 40 ఎక్స్ కింద చూడాలి.

పాపిల్లరీ గడ్డలు, అణువణువూ కణాలతో నిండిన ఫైబ్రోఎడినోమా, ఫిల్లోడ్స్, ఇవి స్మియర్ మీద తెగవు. కోర్ బయాప్సీ కోరడమే నిజాయితీ. దెబ్బ తగిలిన చోట కొవ్వు చచ్చిన గడ్డలో మాక్రోఫేజులు, రేడియేషన్ తగిలిన చోట వికృతంగా ఉబ్బిన కణాలు కూడా కంగారు పెడతాయి. అపోక్రైన్ కణాలకు (చెమట గ్రంథి కణాల్లా మారినవి) న్యూక్లియోలస్ పెద్దదే, కానీ సైటోప్లాజం ధారాళంగా, నలుసులు నలుసులుగా ఉంటుంది.

గ్రాన్యులోమా (వాపు కణాలు ముద్దగా గుంపుకట్టడం) కనిపిస్తే కణితి ఆలోచన కాస్త పక్కనపెట్టి, మిగిలిన స్లైడుకు జీల్ నీల్సన్ వేసి క్షయ సూక్ష్మక్రిముల కోసం చూడాలి. ఫంగస్ అనుమానం ఉంటే పీఏఎస్, లేదా వెండి లవణపు రంగు. ఇలాంటి రోజు కోసమే ఒకటి రెండు స్లైడ్లు రంగు వేయకుండా దాచి ఉంచమంటాను.

ఐదో అడుగు: ఏ గదిలో పెట్టాలి

అంతర్జాతీయ సైటాలజీ అకాడమీ రూపొందించిన యొకొహామా పద్ధతిలో ఐదు గదులు ఉన్నాయి: చాలినన్ని కణాలు లేవు, నిరపాయం, అసాధారణం, క్యాన్సర్ అనుమానం, క్యాన్సర్. ఐదింటిలో ఒకటి స్పష్టంగా రాయాలి. రెండు గదుల మధ్య ఊగే వాక్యాలు చదివే సర్జన్‌కు దారి చూపవు. అసాధారణం అన్న గది మన భయం దాచుకునే చోటు కాదు. ఎందుకు అసాధారణమో, స్లైడులో ఏం లేకపోవడం వల్ల అటూ ఇటూ తేల్చలేకపోయామో ఒక్క వాక్యం రాయండి.

క్యాన్సర్ అని తేలాక దాని తీవ్రతను స్మియర్ మీదే అంచనా వేయాలంటే రాబిన్సన్ పద్ధతి ఉంది. కణాలు విడిపోవడం, పరిమాణం, ఏకరూపత, న్యూక్లియోలస్, కేంద్రకపు అంచు, క్రోమాటిన్, ఈ ఆరింటికీ ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 6 నుంచి 11 వస్తే మొదటి గ్రేడు, 12 నుంచి 14 రెండు, 15 నుంచి 18 మూడు.

ఆరో అడుగు: సెల్ బ్లాక్, కోర్ ముక్క, ఇమ్యునో రంగులు

జీంసా, పాప్ కణం ఎలా ఉందో చూపిస్తాయి. కణంలో ఏ ప్రోటీన్ ఉందో చెప్పలేవు. చికిత్స నిర్ణయించేది మాత్రం ఆ ప్రోటీన్లే. అక్కడ ఇమ్యునో రంగు కావాలి. ఒక ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని కణాల మీద వేసి, అది అంటుకున్న చోట గోధుమరంగు తెప్పించడమే దాని సారం.

ముక్క బయటికి తీసిన గంట లోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. తక్కువ సేపు ఉంచితే హార్మోన్ రిసెప్టార్ ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రెండూ సీసా మీద రాయాలి. ఆల్కహాల్‌లో ఫిక్స్ అయిన కణాల మీద హెర్ 2 ఫలితాన్ని, మీ ల్యాబ్‌లో ఫార్మలిన్ ముక్కలతో పోల్చి నిగ్గు తేల్చుకోకుండా రిపోర్టు చేయకండి.

పని వరుస ఇది: నాలుగు మైక్రాన్ల సెక్షన్‌ను అంటుకునే పూత ఉన్న స్లైడు మీద తీసి, మైనం కరిగించి, నీటి దాకా తేవాలి. ఫార్మలిన్ బిగించిన ప్రోటీన్లను విప్పడానికి సిట్రేట్ బఫర్ పీహెచ్ 6లో గానీ, ఈడీటీఏ పీహెచ్ 9లో గానీ మరిగే వేడికి దగ్గరగా సుమారు 20 నిమిషాలు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. తర్వాత కణాల్లో సహజంగా ఉండే పెరాక్సిడేజ్‌ను 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అణచాలి. ఆపైన యాంటీబాడీ, కడగడం, పాలిమర్ (యాంటీబాడీకి అంటుకుని ఎంజైమును మోసేది), కడగడం, డీఏబీ (గోధుమరంగు తెప్పించేది), చివర్లో పలుచగా హెమటాక్సిలిన్. మధ్యలో స్లైడు ఒక్కసారి ఎండినా అంచుల్లో అబద్ధపు గోధుమరంగు వస్తుంది. డీఏబీని గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబోయవద్దు.

ఏ యాంటీబాడీ అడగాలన్నది మీ సందేహాన్ని బట్టి ఉంటుంది. నాళం గోడ దాటిందా అన్నది సందేహమైతే మయోఎపిథీలియల్ వరుస కోసం పీ63, కాల్పోనిన్ లేదా స్మూత్ మజిల్ మయోసిన్. ఒకటి కాదు, కనీసం రెండు వేయండి. పీ63 కేంద్రకంలో చుక్కలుగా వస్తుంది, మిగతా రెండూ సైటోప్లాజంలో గీతలా వస్తాయి, ఒకటి తప్పినా ఇంకోటి పట్టుకుంటుంది. లోబ్యులర్ అనిపిస్తే ఈ-కాడెరిన్ (కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే ప్రోటీన్), చాలావరకు లోబ్యులర్ క్యాన్సర్లలో అది కణపొర మీద పోతుంది. చంకలోని గ్రంథిలో దొరికిన క్యాన్సర్ రొమ్ముదేనా అని అడగాలంటే గాటా 3 సాయపడుతుంది, అయితే మూత్రాశయపు క్యాన్సర్లలో కూడా అది వస్తుందని గుర్తుండాలి.

క్యాన్సర్ తేలాక ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ రిసెప్టార్లు), హెర్ 2 తప్పనిసరి. ఈఆర్, పీఆర్ కేంద్రకంలోనే లెక్కించాలి. 1 శాతం కణాలకైనా రంగు పడితే పాజిటివ్. ఈఆర్ 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే లో పాజిటివ్ అని విడిగా రాయాలి. సున్నా అని రాసేముందు అదే స్లైడులో ఉన్న మామూలు పాలనాళం చూడండి. దానిలో అక్కడక్కడా కణాలకు ఈఆర్ పట్టాలి. అక్కడా పట్టకపోతే ఓడింది రంగే, ఆ స్లైడు మీద నెగెటివ్ అని రాయడానికి వీల్లేదు. ఆ ఒక్క మాటతో ఒక మనిషికి ఏళ్ల తరబడి అందాల్సిన హార్మోన్ మందు అందకుండా పోతుంది.

హెర్ 2ను కణపొర మీద మాత్రమే చదవాలి. సైటోప్లాజంలో రంగు ఎంతున్నా లెక్కలోకి రాదు. పదో వంతు కంటే ఎక్కువ కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, ముదురుగా, కోళ్ల గూటి తీగవల కట్టినట్టుంటే 3 ప్లస్. పూర్తిగా చుట్టినా పలుచగా లేదా ఒక మోస్తరుగా ఉంటే 2 ప్లస్. పూర్తికాని, కనీ కనిపించని గీతలు పదో వంతు కంటే ఎక్కువ కణాల్లో ఉంటే 1 ప్లస్. అవి పదో వంతు దాటకపోతే, లేదా అసలేమీ లేకపోతే సున్నా. సెక్షన్ అంచుల్లో, నలిగిన చోట ముదురుగా వచ్చే రంగును నమ్మవద్దు. పక్కనున్న మామూలు నాళానికి కూడా ముదురుగా పట్టి ఉంటే మొత్తం స్లైడు మళ్లీ వేయాలి.

ఇదివరకు సున్నాకూ 1 ప్లస్‌కూ తేడా ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, రెండూ నెగెటివే కదా అని. 2022 తర్వాత ఆ మాట చెల్లదు. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు, ముదిరిన దశలో 1 ప్లస్ ఉన్నవాళ్లకూ, 2 ప్లస్ ఉండి జన్యు పరీక్షలో నెగెటివ్ వచ్చినవాళ్లకూ పనిచేస్తుందని తేలింది. కాబట్టి ఆ పలుచటి గీతలను 40 ఎక్స్ కింద ఓపికగా చూడాలి, సందేహం ఉంటే రెండో మనిషికి చూపించాలి. ప్రతి విడతలోనూ సున్నా, 1, 2, 3 ప్లస్ ముక్కలున్న కంట్రోల్ స్లైడు పక్కన పెట్టుకోవాలి.

2 ప్లస్ వస్తే మన రంగు ఇక చెప్పగలిగింది లేదు. అదే బ్లాక్ నుంచి ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌కు పంపాలి. అది ప్రోటీన్‌ను కాదు, 17వ క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువు ప్రతులను లెక్కిస్తుంది. హెర్ 2 ప్రతులకూ క్రోమోజోమ్ గుర్తుకూ నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, సగటున కణానికి 4 లేదా అంతకు మించి ప్రతులు ఉంటే పాజిటివ్. పంపేటప్పుడు క్యాన్సర్ ఉన్న చోటును హెమటాక్సిలిన్ ఇయోసిన్ స్లైడు మీద పెన్నుతో చుట్టి గుర్తుపెట్టి, ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందో కాగితం మీద రాసి బ్లాక్‌తో జత చేయండి.